రాడ్‌కు లక్షలు, కంచంలో చారన్నం

తుంటి విరిగి ఆపరేషన్ అయిన పెద్దవాళ్ల ఇళ్లకు వెళ్లి ఫిజియోథెరపీ చేయించడం నా పని. విజయవాడ, గుంటూరు మధ్య తిరుగుతుంటాను. ఎవరింటికి వెళ్లినా ముందు ఎక్స్‌రే చూపిస్తారు. రాడ్ ఏ కంపెనీదో, సర్జన్ గారు ఎక్కడ చదివారో, ఆసుపత్రులకు పేరున్న సూర్యారావుపేటలో ఎంతమందిని విచారించి ఆయన దగ్గరికి చేరారో వివరంగా చెబుతారు. చెప్పనివ్వాలి పాపం, వాళ్లు పడ్డ టెన్షన్ అలాంటిది. అదంతా అయ్యాక "మామ్మగారి బరువెంతండీ?" అని అడుగుతాను. ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఫైల్ తిరగేస్తే షుగర్, క్రియాటినిన్, ఎకో, ఛాతీ ఎక్స్‌రే అన్నీ ఉంటాయి. బరువు రాయాల్సిన గడి ఖాళీగా ఉంటుంది. లేదా మత్తు డాక్టరు డోసు కోసం కంటితో చూసి వేసుకున్న అంచనా ఉంటుంది.

ఆ ఖాళీ గడి మీదే నా కోపం.

తుంటి విరిగిన వృద్ధుల్లో ఏడాది తిరిగేసరికి నూటికి 20 నుంచి 30 మంది బతికి ఉండరు. మంచి ఆసుపత్రులున్న దేశాల లెక్కలూ దాదాపు ఇవే. వాళ్లు పోయేది రాడ్ విరిగి కాదు. న్యుమోనియా, గుండె జబ్బు, పుండు చీము పట్టడం, పడకపుండ్లు, మూత్రంలో ఇన్ఫెక్షన్, ఇలా ఏదో ఒకటి పట్టుకుంటుంది. వయసు ఎక్కువైతే ప్రమాదం ఎక్కువ. ఆడవాళ్ల కంటే మగవాళ్లకు ఎక్కువ. మతిమరుపు జబ్బు ఉంటే ఇంకా ఎక్కువ. వీటిలో మనం మార్చగలిగేది ఏముంది? వయసును తగ్గించలేం. ఆపరేషన్ ఆలస్యం కాకుండా చూడగలం, అమెరికా ఎముకల డాక్టర్ల సంఘం సూచన ప్రకారం 48 గంటల్లోపు చేయడం మంచిది. ఆ తర్వాత మన చేతిలో ఉన్నది తిండి. దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

రక్తపరీక్షలో ఆల్బుమిన్ అని ఒక వరుస ఉంటుంది, అది రక్తంలో ఉండే ఒక ప్రోటీన్. అది డెసిలీటరుకు 3.5 గ్రాముల కంటే తక్కువ ఉన్నవాళ్లలో ఆపరేషన్ తర్వాత ఇబ్బందులు, చావులు ఎక్కువని చాలా పరిశోధనలు చెప్పాయి. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఒంట్లో వాపు ఉన్నా, ఇన్ఫెక్షన్ ఉన్నా, లివర్ బాగోలేకపోయినా ఆల్బుమిన్ పడిపోతుంది. కాబట్టి అది తక్కువ ఉన్నంతమాత్రాన తిండి తక్కువైందని తీర్పు చెప్పలేం. అందుకే దాంతోపాటు బరువు, ఈ మధ్య ఎంత తగ్గారు, ఎంత తింటున్నారు అనేవి కలిపి చూడమంటారు. పెద్దవాళ్ల పోషణ చూడటానికి 14 మార్కుల చిన్న ప్రశ్నల పట్టిక ఒకటి ప్రపంచమంతా వాడతారు. 7 లేదా అంతకన్నా తక్కువ వస్తే పోషకాహార లోపం, 8 నుంచి 11 వస్తే ప్రమాదం అంచున ఉన్నట్టు. నిలబెట్టి బరువు తూచే వీల్లేకపోతే పిక్క చుట్టుకొలత తీసినా సరిపోతుంది. 31 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉంటే ఆ ప్రశ్నకు మార్కు పడదు. కావలసిందల్లా దర్జీ టేపు. లక్షలు పోసి కట్టిన ఆసుపత్రిలో టేపు దొరకదా?

ఇక మంచం దగ్గర జరిగేది చెబుతాను.

పొద్దున ఆపరేషన్ అంటారు, రాత్రి నుంచి ఏమీ పెట్టొద్దంటారు. హైవే మీద యాక్సిడెంట్ కేసు వస్తుంది, మామ్మగారి కేసు మధ్యాహ్నానికి జరుగుతుంది. మధ్యాహ్నం సాయంత్రమవుతుంది. సాయంత్రం కార్డియాలజీ ఫిట్‌నెస్ రాలేదంటారు, రేపు చూద్దామంటారు. ఈలోగా ఆవిడ నోట్లో మంచినీళ్ల చుక్క కూడా పడదు. నిజానికి మత్తు డాక్టర్ల నియమం ఏమిటంటే, ఘనాహారం ఆరు గంటల ముందు ఆపితే చాలు, మంచినీళ్లు, పాలు కలపని టీ రెండు గంటల ముందు వరకూ ఇవ్వొచ్చు. కడుపు మెల్లగా ఖాళీ అయ్యేవాళ్లకు మినహాయింపు ఉంటుంది, అది మత్తు డాక్టరే చెప్పాలి. "రాత్రి పది నుంచి బంద్" అనే మాట అందరికీ ఒకేలా వాడటం సులువు కాబట్టి వాడుతున్నారు, అంతే.

ఆపరేషన్‌కు ముందు పళ్ల సెట్ తీయిస్తారు. అది కర్చీఫ్‌లో చుట్టి బ్యాగులో అడుగున పడుతుంది. తర్వాత దాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు. పళ్లు లేని మనిషి ముందు చపాతీ పెట్టి, తినడం లేదని చిరాకు పడతారు. నొప్పి మందుల వల్ల మలబద్ధకం, దాంతో ఆకలి చావడం. కొందరికి ఆపరేషన్ తర్వాత నాలుగు రోజులు మనసు గందరగోళంగా ఉంటుంది, ఎక్కడున్నారో తెలియదు, ముందున్న ప్లేటు అన్నమని కూడా తెలియదు. కంచం పక్క బల్ల మీద, ఆవిడ వెల్లకిలా. చెయ్యి అందదు.

అన్నిటికంటే పెద్ద కారణం డాక్టర్ల చెవిన పడదు. మనలాంటివాళ్లకే చెబుతారు, అదీ గొంతు తగ్గించి. "వద్దమ్మా, తింటే మళ్లీ బెడ్‌పాన్ పెట్టాలి. కోడలు ఒక్కతే, దానికి నడుము నొప్పి." కావాలనే నీళ్లు తాగడం మానేస్తారు, కావాలనే రెండు ముద్దలతో ఆపుతారు. జీవితమంతా అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది తిన్న తరం అది. వారానికి రెండు పూటలు ఉపవాసాలు, రాత్రి ఫలహారం. తుంటి విరగకముందే ఒంట్లో కండ లేదు. నిజం చెప్పాలంటే చాలామంది జారి పడటానికి కారణమూ అదే. తొడలో బలం ఉంటే బాత్రూమ్‌లో తడబడినా నిలదొక్కుకునేవారు.

మంచం మీద పడుకుంటే కండ ఎంత వేగంగా పోతుందో నా వృత్తిలో రోజూ కనబడుతుంది. 2007లో వచ్చిన ఒక పరిశోధనలో, ఏ జబ్బూ లేని పెద్దవాళ్లను పది రోజులు మంచం మీదే ఉంచితే ఒక్క కాళ్లలోనే సుమారు కిలో కండ తగ్గింది. వాళ్లు ఆరోగ్యవంతులు, తిండి కూడా లెక్క ప్రకారం పెట్టారు. మరి తుంటి విరిగి, కోత పడి, ఇడ్లీ ముక్కతో సరిపెట్టుకునే మనిషికి ఎంత పోవాలి? అలాంటి కాలు పట్టుకుని "నిలబడండి, అడుగు వేయండి" అని నేను వ్యాయామం చేయిస్తే, ఇసుక, సిమెంటు ఇవ్వకుండా మేస్త్రీని గోడ కట్టమన్నట్టే ఉంటుంది.

2006లో బ్రిటన్‌లోని కార్డిఫ్ నుంచి వచ్చిన ఒక పరిశోధన గురించి చెప్పాలి. నేను కనబడిన సర్జన్‌కల్లా చెబుతుంటాను, ఇప్పుడు మీ వంతు. అక్కడి ఎముకల వార్డులో, 65 ఏళ్లు దాటి తుంటి విరిగిన మూడు వందల పైచిలుకు ఆడవాళ్లను రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు మామూలు వైద్యం. రెండో జట్టుకు అదే వైద్యంతోపాటు ఒక ఆహార సహాయకురాలు. ఆవిడ డాక్టరూ కాదు, నర్సూ కాదు. ఏం తింటారో అడగడం, కూర్చోబెట్టడం, కంచం అందేలా జరపడం, అవసరమైతే తినిపించడం, మధ్యలో బలం డ్రింకు ఇవ్వడం, అంతే ఆవిడ పని. మామూలు జట్టులో రోజుకు సగటున 756 కేలరీలు తిన్నారు, సాయం ఉన్న జట్టులో 1,105. అది కూడా చాలీచాలని తిండే. అయినా వార్డులో ఉండగా చనిపోయినవాళ్లు మామూలు జట్టులో 10.1 శాతం, సాయం ఉన్న జట్టులో 4.1 శాతం. నాలుగు నెలలకు చూస్తే 22.9 శాతం, 13.1 శాతం.

ఒక్క ఆసుపత్రిలో, ఆడవాళ్ల మీదే చేసిన పరిశోధన అని నాకూ తెలుసు. ఇలాంటివన్నీ కలిపి కోక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ 2016లో చేసిన సమీక్ష జాగ్రత్తగానే మాట్లాడింది. బలం డ్రింకుల వల్ల ఇబ్బందులు తగ్గవచ్చు గానీ చావులు తగ్గుతాయని గట్టిగా చెప్పలేమంది. ఒప్పుకుంటాను. నాకు అందులో అర్థమయ్యేది ఏమిటంటే, బలం డ్రింకు డబ్బా కొనిచ్చి వెళ్లిపోతే లాభం పెద్దగా లేదు. మన మెడికల్ షాపులు అమ్మేది మాత్రం ఆ డబ్బానే.

ఇప్పుడు మన వార్డు చూడండి. కార్డిఫ్‌లో జీతమిచ్చి పెట్టుకోవాల్సి వచ్చిన మనిషి మన దగ్గర ప్రతి మంచం పక్కనా ఉంది. కూతురో, కోడలో, మనవడో ఇరవై నాలుగు గంటలూ స్టూలు మీద కూర్చుని ఉంటారు. గుంటూరు పెద్దాసుపత్రిలోనూ అంతే, కార్పొరేట్ ఆసుపత్రి డీలక్స్ రూములోనూ అంతే. వాళ్లతో మనం ఏం చేయిస్తున్నాం? మందుల చీటీ పట్టుకుని ఫార్మసీకి, బిల్లు పట్టుకుని కౌంటర్‌కి తిప్పుతున్నాం. పూటకు ఎంత తినిపించాలి, ఎలా కూర్చోబెట్టాలి, తిన్నది ఎక్కడ రాయాలి అని ఒక్క కాగితం ముక్క చేతికిచ్చే ఆసుపత్రి నాకు ఇంతవరకూ తగల్లేదు. ఎక్కడైనా ఉంటే చెప్పండి, వెళ్లి దండం పెడతాను.

వాళ్లకు ఎవరూ చెప్పకపోతే పక్క మంచం వాళ్లు చెబుతారు. పప్పు తింటే చీము పడుతుంది. గుడ్డు వేడి. పెరుగు చలువ, గోంగూర అసలే వద్దు, వంకాయ దురద. మిగిలింది ఇడ్లీ, చారన్నం, పాలూ బ్రెడ్డూ. చూడటానికి వచ్చినవాళ్లు తెచ్చిన బత్తాయిలు కిటికీలో వరసగా పేర్చి ఉంటాయి. ఇదంతా కలిపినా రోజుకు పాతిక గ్రాముల ప్రోటీన్ దాటదు. జబ్బుతో ఉన్న పెద్దవాళ్లకు కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాములు కావాలన్నది యూరప్ పోషకాహార నిపుణుల సూచన. అంటే 45 కిలోల మామ్మగారికి 54 నుంచి 67 గ్రాములు. గుడ్డుకు ఆరు గ్రాములు, పెద్ద గ్లాసు పాలకు ఎనిమిది, చిన్న కప్పు ముద్దపప్పుకు ఓ ఆరేడు. శాకాహారులైతే పెరుగు, పెసరట్టు, పనీర్, మెత్తగా ఉడికించిన మీల్‌మేకర్. పాలలో రెండు చెంచాల పాలపొడి కలిపితే గ్లాసు పెంచకుండానే బలం పెరుగుతుంది. కొంచెం కొంచెంగా ఆరుసార్లు పెట్టాలి. చాలా రోజులుగా సరిగా తినని మనిషికి ఒక్కసారిగా పెంచకూడదు. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం లెక్క వేరు, డాక్టర్ని అడగాల్సిందే.

మేక కాళ్ల సూప్ గురించి అడుగుతారు కాబట్టి: పెట్టండి, నోటికి రుచి వస్తుంది. కానీ సూప్ తాగించి ముక్క తీసి పక్కన పెట్టకండి.

ఆల్బుమిన్ బాటిల్ కథ ఒకటి ఉంది. రిపోర్టులో 2.6 అని రాగానే వేలు పోసి బాటిల్ ఎక్కిస్తారు. లివర్ జబ్బులాంటి కొన్ని సందర్భాల్లో దాని అవసరం దానికుంది. అయితే తిండి లేక చిక్కిన మనిషికి అది తిండి కాదు. రిపోర్టులో అంకె రెండు రోజులు పైకి లేస్తుంది, తొడలో కండ లేవదు. ఆ డబ్బుతో నెలంతా గుడ్లూ పాలూ వస్తాయి, ఇంకా మిగులుతాయి కూడా.

ప్రభుత్వ పథకాలను తిట్టను. ఆరోగ్యశ్రీ లేకపోతే ఎందరో పేదవాళ్లు నాటు కట్టుతో మంచంలోనే ఉండిపోయేవారు. ఇప్పుడు 70 దాటిన అందరికీ ఆయుష్మాన్ కార్డు వచ్చింది. ఆపరేషన్ తర్వాత కోలుకునే కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా ఇచ్చేలా ఆరోగ్యశ్రీ ఆసరా పథకాన్ని 2019 డిసెంబరులో గుంటూరులోనే మొదలుపెట్టారు. మంచి ఆలోచన, కానీ అది కూలి పోయినందుకు ఇచ్చిన డబ్బు. సంపాదించని ముసలామె పేరున వచ్చిన డబ్బు ఆమె కంచం దాకా వచ్చిందన్న నమ్మకం నాకు లేదు. నన్నడిగితే ప్యాకేజీలోనే ఒక షరతు పెట్టాలి: చేరిన రోజు బరువు, పిక్క కొలత, డిశ్చార్జి రోజు మళ్లీ బరువు. ఆ గడులు ఖాళీగా ఉంటే బిల్లు ఆగాలి. ఎక్స్‌రే లేకపోతే ఆపుతున్నారుగా!

అప్పటిదాకా మీరే అడగండి. డిశ్చార్జి రోజు కాదు, చేరిన రోజే. డైటీషియన్ ఉన్నారా? ఆపరేషన్ వాయిదా పడితే ఎప్పటిదాకా ఏం పెట్టొచ్చు? పళ్ల సెట్ ఎప్పుడు తిరిగి పెట్టాలి? తలవైపు మంచం ఎత్తి ఎప్పటి నుంచి కూర్చోబెట్టొచ్చు? విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి, రాడ్ కంపెనీ గురించి అరగంట అడిగినప్పుడు ఓపికగా చెప్పినవాళ్లే కదా.

పప్పు తింటే చీము పడుతుందని కింద కామెంట్ పెట్టబోతున్న బాబాయిలకు, పిన్నులకు ముందే చెబుతున్నా: చీము పట్టేది క్రిముల వల్ల. దాన్ని ఎదుర్కోవడానికి ఒంటికి కావలసిన సరుకు ఆ పప్పులోనే ఉంది. నామీద నమ్మకం లేకపోతే కోసి కుట్టిన సర్జన్‌నే అడగండి, ఆయన చెప్పింది ఇక్కడే రాయండి.