గుండ్లకమ్మ ఏట్లో బాప్తిస్మాలిచ్చిన ఆ ఆరుగురి పేర్లు ఎవరికైనా తెలుసా?

ఒక పెద్ద సేవకుడు ప్రభువునందు నిద్రించారంటే మన దగ్గర ముందు లేచేది ఫ్లెక్సీ. ఆ వెనకే కుర్చీ గొడవ. భూస్థాపన అయిన సాయంత్రానికే సంఘంలో సగంమంది పెద్దకొడుకు వైపు, సగంమంది అల్లుడి వైపు. ఆదరణ కూడికలో స్టేజీ ఎక్కిన ప్రతి ఒక్కరూ "అయ్యగారి వారసత్వాన్ని కొనసాగించాలి" అంటారు. ఏ వారసత్వం అయ్యా? హైవే పక్కన ఎకరం స్థలమా, యూట్యూబ్ ఛానలా, విదేశీ దాతల ఫోన్ నంబర్లా?

కోపంగానే రాస్తున్నాను. ఇలాంటి కూడికల్లో కూర్చుని కూర్చుని విసుగొచ్చింది. బయటివాణ్ణయితే నాకెందుకని ఊరుకునేవాణ్ణి. ఇందులోనే పుట్టాను, ఇందులోనే పోతాను, అందుకే మండుతోంది.

వీళ్లకు ఇష్టమైన వాక్యం సామెతల గ్రంథం 13వ అధ్యాయంలో ఉంది. "మంచివాడు తన పిల్లల పిల్లలను ఆస్తికర్తలుగా చేయును." దీన్ని పట్టుకుని ట్రస్టులో భార్యను కోశాధికారిని చేస్తారు, కొడుకుని ప్రెసిడెంటుని చేస్తారు, కోడలికి స్త్రీల సమాజం అప్పగిస్తారు. సరే, బైబిల్లో ఉన్న మాటే, కాదనను. కానీ అదే బైబిల్లో పౌలు తిమోతికి రాస్తూ, నీలో ఉన్న ఈ విశ్వాసం ముందు మీ అవ్వ లోయిలో ఉంది, తర్వాత మీ అమ్మ యునీకేలో ఉంది అంటాడు. ఆ అవ్వ పేరు మీద సెంటు భూమి ఉన్నట్టు ఎక్కడా లేదు. తిమోతి నాన్న గ్రీసు దేశస్థుడని తప్ప ఇంకేమీ చెప్పలేదు. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు ఒక పిల్లవాడికి లేఖనాలు నేర్పించారు, అంతే. రెండువేల ఏళ్ల తర్వాత కూడా వాళ్లిద్దరి పేర్లు మనం పిల్లలకు పెట్టుకుంటున్నాం.

ఇప్పుడు మా ఒంగోలు సంగతికొస్తాను.

ప్రకాశం జిల్లా బాప్టిస్టుల ఇళ్లలో పుట్టినవాడికి 2,222 అనే అంకె ఉగ్గుపాలతో వస్తుంది. 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో, ఒక్క రోజులో అంతమందికి బాప్తిస్మం జరిగింది. ముందురోజు 614, మర్నాడు 700, మూడు రోజులూ కలిపి 3,536. సభ ఏదైనా మైకుల్లో ఇదే లెక్క. అప్పటి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారి ఫోటో, దాని కింద అంకె, దాని కింద ఈనాటి అధ్యక్షులవారి ఫోటో, అదీ దొరగారి ఫోటోకంటే పెద్దదిగా. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి.

ఆ రోజు గురించి నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి మాత్రం ఎవరూ మైకులో చెప్పరు. క్లౌ దొర ఆ రోజు ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. ఏట్లో దిగింది ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరు నీళ్లలో నిలబడతారు, వాళ్లు అలిసిపోతే ఇంకో ఇద్దరు దిగుతారు. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి, ఎండ నడినెత్తికి వచ్చాక కాసేపు ఆపి, మళ్లీ పొద్దుగూకేదాకా. లెక్కేస్తే తలా 370 మంది పైనే. బాప్తిస్మం ఇచ్చిన పాస్టర్ గారు ఎవరైనా మీకు తెలిస్తే అడగండి, ఇరవై మంది అయ్యేసరికి నడుము ఏమవుతుందో చెబుతారు. తడిసిన చీర బరువు ఒకటి, నీళ్లంటే భయంతో చెయ్యి గట్టిగా పట్టేసుకునే ముసలమ్మలు ఒకరు. అలాంటిది 370 మంది. దొర ఒడ్డునే ఉన్నాడు. పేరు ఆయనకు వచ్చింది. ఆ ఆరుగురి పేర్లు చెప్పమని ఈసారి మీ యూత్ మీటింగులో అడిగి చూడండి.

క్లౌ గారిని తగ్గించడం నా ఉద్దేశం కాదు. పక్కన నిలబడి పనివాళ్ల చేత పని చేయించడం మామూలు గుణం కాదు. ఈ రోజుల్లో అయితే మొదటి పదిమందికి స్వయంగా ఇచ్చి, డ్రోన్ షాట్ తీయించుకుని, మిగతా వాళ్లను అసిస్టెంట్ పాస్టర్లకు వదిలేసేవాళ్లు.

ఆయన గురించి ఇంకో సంగతి చెప్పాలి. 1876 నుంచి 78 దాకా కరువు. కుర్రతనంలో అమెరికాలో సర్వేయరుగా పనిచేసినవాడు కాబట్టి, బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి పని చూపించాడు. బోధకులే మేస్త్రీలు. పగలు మట్టి లెక్కలు చూడటం, జనం అలసట తీర్చుకునేటప్పుడు పక్కన కూర్చుని ప్రభువు సంగతి చెప్పటం. అయితే ఆ కరువులో పదిహేను నెలలపాటు బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం వస్తున్నారేమోనని ఆయనకే అనుమానం. కరువు సాయం ఆగిపోయింది, ఇక ఇవ్వడానికి ఏమీ లేదు, ఇళ్లకు పొమ్మన్నాక కూడా జనం కదల్లేదు. మాకు మీ డబ్బు వద్దు, సంఘంలో చేర్చుకోండి అన్నారు. గుండ్లకమ్మ దగ్గర జరిగింది దాని తర్వాత. గంజి నీళ్లకు మతం మారినవాళ్లని మమ్మల్ని ఎగతాళి చేసేవాళ్లు ఈ తేదీలు ఒక్కసారి చూసుకుంటే బాగుంటుంది.

ఇంకొంచెం వెనక్కి పోతే అసలు మనిషి కనిపిస్తాడు. యర్రగుంట్ల పేరయ్య. మాదిగ. చర్మాల వ్యాపారి. దేవుణ్ణి వెతుక్కుంటూ యోగం చెప్పే గురువుల దగ్గర అప్పటికే చాలాకాలం శిష్యరికం చేసినవాడు. వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు అక్కడి మిషనరీ ఒకాయన నోట యేసు మాట విన్నాడు. 1866లో, క్లౌ కంటే ముందే వచ్చిన అమెరికన్ మిషనరీ జ్యూయెట్ దొర దగ్గర భార్యతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. క్లౌ ఒంగోలు వచ్చి కాపురం పెట్టేటప్పటికే ఈయన ఊరూరా తిరిగి తనవాళ్లకు చెప్పేస్తున్నాడు. 1867 జనవరిలో క్లౌ దొర పేరయ్య వాళ్ల ఊరికి, ఒంగోలుకు నలభై మైళ్ల పడమర, గుర్రం మీద వెళ్తే చింతతోపులో జనం ఎదురుచూస్తున్నారు. ఐదు రోజులు కూర్చోబెట్టి విన్నాడు, అడిగాడు, చివరికి 28 మందికి బాప్తిస్మం ఇచ్చాడు. దొర విత్తింది ఏముంది అందులో? చెప్పులు కుట్టే కులంలో పుట్టినవాడు, ఎవరూ జీతం ఇవ్వకుండా, ఎవరూ పంపకుండా, బంధువుల ఇళ్లకు నడిచిపోయి చెప్పాడు. 1878లో గుండ్లకమ్మ దాకా నడిచొచ్చిన జనం వెనక పదేళ్లకు పైబడిన ఆ నడక ఉంది.

ఆ నడక ఊరికే సాగలేదు కూడా. సంఘంలో చేరినవాళ్లకు మూడు షరతులు పెట్టారు. ఆదివారం పనికి పోకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి తేలిగ్గా ఉంది కదా. వెట్టి చేసే మాదిగవాడు ఆదివారం రానంటే ఊరి పెద్దలు ఊరుకుంటారా? జాతరలో డప్పు కొట్టనంటే? కొట్టారు, బావులు మూయించారు, కూలి ఆపేశారు. అయినా వీళ్లు దండం పెట్టి "మేం రాము" అని చెప్పారు. ఆ ఒక్క "రాము" అన్న మాట మా ముత్తాతల తరానికి బాప్తిస్మం కంటే పెద్ద సాక్ష్యం అని నా లెక్క. ఈరోజు మా ఇళ్లలో టీచర్లు, నర్సులు, తహసీల్దార్లు ఉన్నారంటే ఆ మాట దగ్గర మొదలైందే.

ఒంగోలులో ప్రార్థన కొండ ఉంది. 1854 జనవరి 1న తెల్లవారుజామున దాని మీద ఐదుగురు మోకరించారు. జ్యూయెట్ దంపతులు, వాళ్లతో నర్సు (పేరే అది), జూలియా, రూతు అనే ముగ్గురు మనవాళ్లు. అమెరికాలో పెద్దలు ఈ తెలుగు మిషను మూసేద్దామా అని తర్జనభర్జన పడుతున్న రోజులవి. ఇప్పుడు కొండ మీదికి ఎక్కి సెల్ఫీ దిగేవాళ్లలో ఎంతమందికి జూలియమ్మ సంగతి తెలుసు?

మా అమ్మమ్మ సంగతి చెబుతాను. పెద్ద చరిత్రేం కాదు. ఆవిడకు చదువు రాదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో సగం నోటికొచ్చు, పుస్తకం తలకిందులుగా పట్టుకుని పాడేది, మేం నవ్వితే "అక్షరాలు నీకు, పాట నాకు" అనేది. పొయ్యి మీద ఎసరు పెట్టాక, చేటలో బియ్యం తీసుకుని అందులోంచి ఒక పిడికెడు పక్కనున్న డాల్డా డబ్బాలో వేసేది. పూట పూటకీ అంతే. ఆదివారం ఆ డబ్బా మందిరానికి పోయేది. ఇంట్లో బియ్యం నిండుకున్న రోజుల్లో కూడా పిడికెడు మానలేదు, మా అమ్మకు ఒళ్లు మండేది. ఆ పిడికెళ్లతోనే పల్లె బోధకుడి కుటుంబం తిన్నది, ఆయన కొడుకు కాలేజీకి పోయాడు.

ఆవిడ పోయినప్పుడు పేటలోని ఆడవాళ్లు చుట్టూ కూర్చుని ఒక్కొక్కరే చెప్పుకున్నారు. మైకు లేదు. ఒకామె, "నా మొగుడు తాగొచ్చి తన్నిన రాత్రులన్నీ ఈ పంచలోనే పడుకున్నాను, ఎందుకొచ్చావని ఒక్కనాడు అడగలేదు" అంది. ఊళ్లోని రెడ్ల ఇంటి ముసలావిడ గడప అవతలే నిలబడి, "మా పెద్దోడికి జ్వరమొస్తే పొద్దస్తమానం ప్రార్థన చేసింది తల్లీ, మీ దేవుడో మా దేవుడో నాకు తెలవదు" అని కళ్లొత్తుకుంది. అపొస్తలుల కార్యాల్లో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఆమె కుట్టిన అంగీలు తెచ్చి పేతురుకు చూపిస్తారు. ఆ వాక్యం ఎప్పుడు చదివినా నాకు మా అమ్మమ్మ ఇంటి పంచ గుర్తొస్తుంది.

ప్రభావం అనేది రెండువైపులా పదునున్న వ్యవహారం, అదీ చెప్పాలి. మా తరంలో మందిరం మానేసిన వాళ్లను పిలిచి అడగండి. డార్విన్ చదివి మానేసినవాళ్లు తక్కువ. స్టేజీ మీద ప్రేమ గురించి దంచి, ఇంట్లో అమ్మను కొట్టే నాన్నను చూసి మానేసినవాళ్లు ఎక్కువ. కానుకల లెక్క అడిగినందుకు "అభిషిక్తుని మీద చెయ్యి వేస్తున్నావు" అనిపించుకుని మానేసినవాళ్లు ఉన్నారు. ఆ సేవకుల వారసత్వంలో వీళ్లు కూడా భాగమే. ఫ్లెక్సీలో వీళ్ల ఫోటోలూ వేయండి మరి.

అజరయ్య బిషప్ గారిది నాకు నచ్చిన పద్ధతి. పుట్టుకతో తమిళుడు, డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకుని, 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ అయ్యాడు. బాప్తిస్మం తీసుకునేవాళ్ల చేత తమ చెయ్యి తమ తల మీదే పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ, అంటే నాకు కీడు, అని చెప్పించేవాడు. కూలి మనిషైనా, పశువుల కాపరైనా. సాక్ష్యం చెప్పే పని పాస్టర్ గారికి కాంట్రాక్టు ఇచ్చి మనం కుర్చీల్లో కూర్చోవడం ఆ పద్ధతిలో కుదరదు.

మా వాళ్ల చరిత్ర రాతల్లో ఎందుకు దొరకదో చెప్పుకోవాలంటే ఇంకో చేదు సంగతి ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితుడు క్రైస్తవుడైతే ఎస్సీ హోదా పోతుంది. తర్వాత సిక్కులకు, బౌద్ధులకు సవరించారు, మాకు లేదు. మన రాష్ట్రాల్లో అలాంటివాళ్లను బీసీ-సీలో, అంటే వెనకబడిన తరగతుల సి గ్రూపులో పెట్టారు. ఫలితం ఏమిటంటే ఆదివారం ఆరాధనలో ఒక పేరు, సర్టిఫికెట్లో ఇంకో మతం. ఒక మనిషి నలభై ఏళ్లు పల్లెలో సండేస్కూల్ నడిపి పోతే ప్రభుత్వ కాగితాల్లో ఆయన క్రైస్తవుడే కాడు. తప్పు ఎవరిదని ఇక్కడ వాదన పెట్టుకోను, అది ఇంకో పోస్టు. కానీ అలాంటి మనిషి పేరు మిగలాలంటే సంఘం దగ్గరే మిగలాలి. ఆ సంఘమేమో దొరల పేర్లు, అధ్యక్షుల పేర్లు తప్ప రాసుకోదు.

అందుకని ఒక పని అడుగుతున్నాను. పాత మందిరాల బీరువాల్లో బాప్తిస్మపు రిజిస్టర్లు ఉంటాయి, కొన్ని చోట్ల చెదలు పట్టి, కొన్ని చోట్ల పాస్టర్ గారి మంచం కింద. సంఘపెద్దల అనుమతి తీసుకుని ఫోన్‌తో పేజీ పేజీ ఫోటో తీయండి. మీ పేటలో ఎనభై దాటిన అవ్వలు ఉంటే వెళ్లి కూర్చుని, మీకు ప్రభువు మాట మొదట ఎవరు చెప్పారు అని అడిగి రికార్డు చేయండి. ఊరు, ఇంటిపేరు, ఏం పని చేసేవారు, అన్నీ. ఏ డినామినేషన్ అయినా సరే. ముందుగా ఒంగోలు, కనిగిరి, పొదిలి వైపు వాళ్లు మొదలుపెట్టండి, ఆ తరంవాళ్లు ఇప్పటికే ఒక్కొక్కరుగా వెళ్లిపోతున్నారు. వచ్చే జూలై 3 సభలో మైకు దొరికితే ఆ పేర్లు నేనే చదువుతాను, అధ్యక్షులవారికి కోపమొచ్చినా సరే.