పాట విన్నాడు, లిఫ్ట్ మాత్రం ఇవ్వలేదు

మంచి పాట మనిషిని మార్చేస్తుందా అని ఇంకా ఎవరికైనా డౌట్ ఉంటే ఒకసారి మా లిఫ్ట్ ఎక్కండి. మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన స్టేటస్ నిండా సమానత్వం పాటలే, "ఈ పాట లేకపోతే నేను మనిషినయ్యేవాణ్ని కాదు" అని వారానికోసారి పెడతాడు, మేమంతా వరసగా దండాలు పెడతాం.

మొన్న పొద్దున ఆయనా నేనూ లిఫ్ట్‌లో దిగుతున్నాం. చెవులకి పెద్ద హెడ్‌ఫోన్స్, చెమటోడ్చేవాళ్ల మీద పాట బయటికి కూడా వినబడుతోంది, కళ్లు సగం మూసుకుని తల ఊపుతున్నాడు. మూడో ఫ్లోర్‌లో తలుపు తెరుచుకుంటే ఎదురుగా బకెట్టూ మాపూ పట్టుకుని క్లీనింగ్ చేసే ఆవిడ. మనవాడు కళ్లు పూర్తిగా తెరవలేదండీ, తల ఊపడమూ ఆపలేదు, చూపుడువేలు ఒక్కటీ లేచి గాల్లో రెండుసార్లు ఆడింది, ఇది కాదు ఆ పక్కది అని. ఆ రెండూ తాళంలోనే పడ్డాయి, ఒప్పుకోవాలి, లయజ్ఞానం అంటే అదీ. తలుపు మూసుకునేసరికి చరణం అయి పల్లవి అందుకుంది, ఆయన కళ్లలో నీళ్లు. పాటకి. పక్క లిఫ్ట్ నెల రోజులుగా పనిచెయ్యట్లేదు, కానీ ఆ ముక్క లిరిక్స్‌లో లేదు కదా, ఆయనకెలా తెలుస్తుంది పాపం. నేనేం చేశానని అడక్కండి, ఫ్లోర్ నంబర్లు చూస్తున్నా.

ఒక్కణ్నే అని ఏం లాభంలెండి, పెద్ద పెద్దోళ్లే ఇలా విన్నారు. 1984లో అమెరికా ప్రెసిడెంట్ రీగన్ ఎన్నికల సభలో రాక్ సింగర్ స్ప్రింగ్‌స్టీన్ పాటల్లో ఆశ ఉందని తెగ మెచ్చుకున్నాడు, అప్పుడు హోరెత్తిపోతున్న ఆ సింగర్ పాట 'బార్న్ ఇన్ ది యూఎస్ఏ' ఏమో వియత్నాం నుంచి తిరిగొచ్చి పని దొరకని వాడి గోడు. 2012లో అక్కడ వైస్ ప్రెసిడెంట్ పదవికి పోటీ చేస్తున్న రిపబ్లికన్ నాయకుడు పాల్ ర్యాన్, వ్యవస్థని తిట్టిపోసే 'రేజ్ అగెనెస్ట్ ద మెషీన్' బ్యాండ్‌కి ఫ్యాన్ అని తెలిసి గిటారిస్ట్ టామ్ మొరెల్లోకి ఒళ్లు మండింది, మా పాటలు తిట్టే ఆ మెషీన్ నువ్వేనయ్యా అన్నట్టు రాసిపారేశాడు. పాట వినేటప్పుడు మనందరం పీడితులమే, అందులో దొర ఎప్పుడూ పక్క ఫ్లాట్‌వాడే.

సరిగ్గా విన్నవాళ్లెవరో తెలుసా? సైనికులు. నైజీరియాలో ఫెలా కుటి అనే గాయకుడు, ఆర్డర్ ఇస్తే చాలు బుర్ర వాడకుండా కదిలే సైన్యాన్ని ఎండగడుతూ పాడితే అది తమ గురించేనని వాళ్లకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేకపోయింది, 1977లో ఆయన ఇంటి మీద పడి తగలబెట్టి, 70 దాటిన ఆయన తల్లిని కిటికీలోంచి కిందకి తోసేశారు, ఆవిడ మరుసటేడు పోయింది. చిలీలో 1973 సెప్టెంబర్‌లో సైన్యం గద్దెనెక్కగానే గాయకుడు విక్టర్ హారాని స్టేడియంలో పెట్టి చితక్కొట్టి 40కి పైగా తూటాలు దింపారు. గిటార్ పట్టుకుని కూలీల గురించి పాడినవాడికి! అలాంటోళ్లు ప్రాణం పెట్టి పాడిన పాటల్ని నువ్వు స్టేటస్ పెట్టుకుని, నీళ్ల బకెట్‌తో ఉన్న ఆడమనిషిని మెట్లదారి పట్టిస్తావా? వేలు ఊపుతావా? కనీసం ఆ హెడ్‌ఫోన్స్ తీసి నోటితో చెప్పు, ఎలా వినబడుతుందో నీకూ తెలుస్తుంది.

నిన్న రాత్రి ఆయన నాకు ప్లేలిస్ట్ పంపాడు. "లిరిక్స్ జాగ్రత్తగా వినండి సార్, జీవితం మారిపోద్ది" అని.

దండం ఎమోజీ పెట్టాను.