క్యాష్యూ నట్ అంటే "కాసుకి ఎనిమిది" కాదండీ

ఆ మెసేజ్ వాట్సాప్‌లో మళ్ళీ తిరుగుతోంది. పోర్చుగీసు వాళ్ళు కేరళలో దిగి జీడిపప్పు చూపించి దీని పేరేంటి అన్నారట, అమ్మే ఆవిడేమో రేటు అడుగుతున్నారనుకుని "కాసుక్కు ఎట్టు" అందట, అంటే కాసుకి ఎనిమిది, అదే క్యాష్యూ నట్ అయిపోయిందట. చాలామంది నిజమనే నమ్ముతున్నారు కాబట్టి రాయాల్సి వస్తోంది.

ముందు చెట్టు సంగతి చూడండి. జీడిమామిడి పుట్టింది ఈశాన్య బ్రెజిల్‌లో. వాస్కో డ గామా కోళికోడ్ వచ్చింది 1498లో, పోర్చుగీసు వాళ్ళు బ్రెజిల్ ఒడ్డు చేరింది 1500లో, అంటే వాళ్ళు ఇక్కడ మొదటిసారి దిగేనాటికి అమ్ముదామన్నా మన దగ్గర జీడిపప్పు లేదు, ఆ చెట్టుని తర్వాత తెచ్చి నాటిందే వాళ్ళు. తెచ్చినవాళ్ళే దీని పేరేంటమ్మా అని అడుగుతారా? మలయాళంలో దీనికి పరంగిమావు అనే పేరు కూడా ఉంది, పరంగి వాళ్ళ, అంటే పోర్చుగీసు వాళ్ళ మామిడి అని.

ఇక పేరు. బ్రెజిల్ తీరంలోని టుపి జనం దీన్ని అకాజు అనేవాళ్ళు. అదే పోర్చుగీసులో కాజు, ఫ్రెంచిలో అకాజూ, ముందున్న అ ఊడిపోయి ఇంగ్లీషులో క్యాష్యూ, హిందీ వాళ్ళ కాజు కూడా అదే. 1550లలో బ్రెజిల్ వెళ్ళొచ్చిన ఫ్రెంచి ఆయన ఆంద్రే తెవే ఈ చెట్టు గురించి పుస్తకంలో రాశాడు, బొమ్మతో సహా.

"ఎట్టు" నట్ అయిందనడం మరీ దారుణం. నట్ పాత ఇంగ్లీషు మాట, అప్పట్లో హ్నుటు అనేవాళ్ళు, జర్మన్‌లో నుస్, గామా పుట్టకముందే కొన్ని వందల ఏళ్ళ నుంచీ ఉంది.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి, మన దక్షిణాది చిల్లర నాణేన్ని ఇంగ్లీషు వాళ్ళు క్యాష్ అన్నది కాసు నుంచే, పోర్చుగీసు మీదుగా వెళ్ళింది. బహుశా అందుకే ఈ కథ అంత సులువుగా అతుక్కుంది.

నాకు బాధ ఏంటంటే టుపి వాళ్ళ భూమి ఎలాగూ పోయింది, మిగిలిన ఒక మాటని కూడా మనం లాక్కుంటున్నాం. మనకి సొంత పేరు లేకపోతే కదా! బట్టల మీద గుర్తులు పెట్టడానికి చాకలివాళ్ళు వాడే నల్లజీడి ఇక్కడ ఎప్పట్నించో ఉంది, దాని రసం తగిలితే ఒళ్ళు పొక్కుతుంది, కొత్తగా వచ్చిన చెట్టు పిక్కలోనూ అలాంటి రసమే ఉంది కాబట్టి మనవాళ్ళు జీడిమామిడి అన్నారు. పలాసలో పిక్కలు కొట్టే ఆడవాళ్ళ చేతులు చూస్తే ఆ పేరు ఎంత సరైందో తెలుస్తుంది.