పెన్ను పుట్టింది, ముట్టుకోకండి

మా గోదావరి జిల్లాల్లో మగాళ్లు రిటైరైతే ఇదివరకు గుడి కమిటీలో చేరేవారు, లేకపోతే పక్కింటివాళ్లతో సరిహద్దు గోడ గురించి కోర్టుకెళ్లేవారు. రెండూ గౌరవమైన పనులే. ఇప్పుడు కొత్తగా ఇంకోటి మొదలైంది. లేత్ మిషను, అంటే చెక్కని గిరగిరా తిప్పుతుంటే ఉలితో చెక్కే యంత్రం, కొనుక్కుని పెన్నులు చెయ్యడం.

చేసుకోనివ్వండి, నాకేం బాధ లేదు. నా బాధంతా ఆ పెన్ను జేబుకి తగిలించుకుని ఎదురొచ్చిన ప్రతి మనిషినీ ఆపి "పూర్తిగా నా చేత్తో చేశానండి" అంటారే, దాని గురించి. ఆ 'పూర్తిగా' వినగానే నాకు బీపీ పెరుగుతుంది.

పార్శిల్లో ఒక కిట్ వస్తుంది. రాసే మొన, క్లిప్పు, నడుముకి రింగు, తిప్పితే రీఫిల్ బయటికొచ్చే మర, ఆ రీఫిలూ, రెండు ఇత్తడి గొట్టాలు, అన్నీ అందులోనే ఉంటాయి. మన శిల్పి గారు చెయ్యాల్సిందల్లా చెక్కముక్కకి 7 మిల్లీమీటర్ల బెజ్జం వేసి, గొట్టం దూర్చి అంటించి, లేత్‌కెక్కించి, అటూ ఇటూ ఉన్న ఉక్కు బుష్షుల, అంటే కొలత రింగుల, మందానికి వచ్చేదాకా ఉలి ఆనించడం. ఎక్కడ ఆపాలో కూడా ఆ బుష్షే చెబుతుంది, అంటే ఆ ఆలోచన కూడా కిట్ వాడిదే. తర్వాత గరుకు కాగితంతో రుద్దుడు, దాని మీద ఫెవిక్విక్ జాతి జిగురు నాలుగు పూతలు, మెరుపు. అన్నీ కలిపి ప్రెస్సులో నొక్కితే పెన్ను పుట్టింది. దిండుకి గలీబు కుట్టిన దర్జీ పరుపంతా నేనే చేశానని ఏనాడూ చెప్పుకోలేదు, పాపం.

పోనీ ఆ చెక్కయినా చెక్కలా ఉండనిస్తారా. మామూలు టేకు అంటే పరువు తక్కువ, దానికో వంశవృక్షం కావాలి. ఒకాయన పెన్ను 1986 వరదల్లో కొట్టుకొచ్చిన దుంగట. ఇంకొకాయనది ధవళేశ్వరం ఆనకట్ట కట్టేటప్పుడు కాటన్ దొర రాళ్లు మోయించిన పడవట. హేవలాక్ వంతెన స్లీపర్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. 1900లో మొదలై 1997లో రైళ్లు ఆగిపోయిన ఆ వంతెన మీంచి ఊడొచ్చిన చెక్కంటూ నాకు చూపించిన పెన్నుల్ని వరసగా పేర్చుకుంటూ వెళితే రాజమండ్రి నించి కొవ్వూరు దాకా ఇంకో వంతెన వెయ్యొచ్చు. కొబ్బరి చెక్క మీద కూడా పడ్డారు, కోనసీమ అభిమానం! ఆ పీచు ఉలి తగలగానే పెచ్చులుగా లేచిపోతుంది కాబట్టి దానికి ముందే జిగురు తాగించాలి. ఆఖరికి పెన్నులో కొబ్బరి ఎంతో జిగురూ అంతే.

ఈమధ్య అమలాపురంలో ఓ రిటైర్డ్ ఇంజనీరు గారు పెన్ను ఆవిష్కరణకి పిలిచారు. అవును, ఆవిష్కరణే. వెండి పళ్లెం, మీద పట్టుగుడ్డ, పక్కన ఆ చెక్క చరిత్ర లామినేషన్ చేయించిన కాగితం. పంతులు గారు అలవాటు చొప్పున కుంకుమ బొట్టు పెట్టబోతే "అయ్యయ్యో, పాలిష్ పోతుందండీ" అని ఇంజనీరు గారు చెయ్యి అడ్డం పెట్టేశారు. గుడ్డ తీశారు, చప్పట్లు కొట్టాం. మూల కుర్చీలో ఉన్న వాళ్లమ్మగారు "ఏదిరా, శ్రీరామ అని రాయి" అన్నారు. ఇంట్లో కాగితం కోసం వెతుకులాట మొదలైంది, ఎవరికీ దొరకలేదు, ఎట్టకేలకి కరెంటు బిల్లు వెనక్కి తిప్పి ఇచ్చారు. ఈయన పెన్ను గుండెలకి హత్తుకుని "రాయడానికి కాదమ్మా, ఇది కలెక్షను" అన్నారు. సరిగ్గా అప్పుడే పాలతను లెక్క రాయించుకోడానికి వచ్చాడు. ఇంజనీరు గారి భార్య, పెన్నులు చేసే మనిషి భార్య, లోపలికెళ్లి క్యాలెండరుకి దారంతో కట్టిన ఐదు రూపాయల పెన్నుతో రాసిచ్చి వచ్చారు.

ఇదంతా ఎక్కడ జరుగుతోంది? 1932 నించీ రత్నం పెన్నులు తయారవుతున్న రాజమండ్రికి బస్సెక్కితే చేరిపోయేంత దూరంలో. 1935లో గాంధీ గారు ఆ పెన్నుతో రాసి చూసి, విదేశీ పెన్నులకి బదులు పనికొస్తుందని ఉత్తరం రాశారు. గమనించండి, రాసి చూశాకే. అక్కడ చేసేది ఎబొనైటు కడ్డీతో, అంటే గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరుతో. లేత్ మీద తిరుగుతుంటే ఆ గంధకం వాసన గదంతా పట్టేస్తుంది. బారెల్‌కి అంటే పెన్ను ఒంటికి, సిరా నిలిచేంత గుల్ల తియ్యాలి, మూతకీ బారెల్‌కీ మరలు కొయ్యాలి. ఆ మర సరిగ్గా కుదరకపోతే సిరా చొక్కా జేబులోకి దిగుతుంది. కిట్టు వీరులు ఒక్కరూ వెయ్యని మర అది.

మన ఇంజనీరు గారు మొన్న అలాంటి మర కొయ్యడం నేర్చుకుంటానని మమ్మల్నీ వెంటేసుకుని రాజమండ్రిలో ఓ చిన్న కొట్టుకి వెళ్లారు. మిషను ముందు కూర్చున్న ముసలాయన వేళ్ల గీతల్లో నల్ల పొడి. నలభై ఏళ్ల పనిని ఫోన్లో వీడియో తీసుకున్నారు, "ఇంకోసారి మెల్లగా చూపించవయ్యా" అని చేసిందే మళ్లీ చేయించుకున్నారు. తర్వాత రేటు అడిగి "ఇంత నల్ల పుల్లకి అంతా?" అన్నారు. ఏవండీ, విదేశీ కిట్టుకి, కస్టమ్స్‌కి, కొరియర్‌కి నోరెత్తకుండా కట్టారు కదా, అక్కడ అడగలేదేం "ఇంత ఇత్తడికి అంతా" అని? లేత్ గదికి ఏసీ పెట్టించుకున్న మనిషికి, తువ్వాలు ముక్కుకి కట్టుకుని ఆ పొడి పీలుస్తున్న మనిషి దగ్గరే వచ్చిందా పొదుపు? సిగ్గుండాలి. రేపు ఆ ముసలాయన కొడుకు ఈ పని నాకొద్దని హైదరాబాద్ బస్సెక్కితే "మన కళలు అంతరించిపోతున్నాయి" అని బాధపడుతూ పోస్టు పెట్టేది కూడా వీళ్లే, ఆ వీడియో జత చేసి మరీ.

వంద రూపాయలు తగ్గించుకున్నారు. మిగిలిన ఆ వందతో మెయిన్ రోడ్డులో రోజ్‌మిల్క్ పోయిస్తూ "బేరం చెయ్యడం తెలియాలండి, అదీ ఓ కళే" అన్నారు.