ఎద్దుకి ఏనుగు కాళ్లు

నిన్న మా చిన్నాన్న కొడుకు ఫోన్ చేశాడు. పాత థార్ జీపు కొన్నాడంట. ఇంజిన్ గురించో క్లచ్ గురించో అడుగుతాడనుకున్నా. "అన్నా, దీనికి ఎంత పెద్ద టైరు పడుద్ది?" అన్నాడు. అరగంట తిట్టాను. మూడేళ్ల కింద నేనూ ఇదే అడిగాను మరి, అదీ టైర్లు అమ్మే షాపులో!

నాది 2016 థార్. కంపెనీ ఇచ్చిన టైరు 235/70 ఆర్16. అల్లూరు పక్కన మా రొయ్యల గుంటలకి మేత బస్తాలేసుకుని పోయి రావడానికి అది ఏనాడూ మొరాయించలేదు. కానీ ఫోన్‌లో కనిపించే జీపుల్లా మనది లేదే అని ఒకటే గుల. నెల్లూరులో ఒక షాపుకి పోతే "265/75 వేయించండి సార్, లుక్కే మారిపోద్ది" అన్నాడు. లుక్కు మారింది. ఎంత పోశానో ఇంట్లో ఇప్పటికీ తెలీదు.

లెక్క చూడండి. పాత టైరు ఎత్తు సుమారు 735 మిల్లీమీటర్లు, కొత్తది 804. ఏడు సెంటీమీటర్లు పెరుగుద్దని షాపాయన ఊదరగొట్టాడు. పెరిగింది టైరు. బండి లేచింది అందులో సగమే, ఇరుసు ఉండేది చక్రం మధ్యలో కదా. ఆ మూడున్నర సెంటీమీటర్ల కోసం ఏమేం పోగొట్టుకున్నానంటే... టైరు తొమ్మిది శాతం పెద్దదైతే ప్రతి గేరూ అంత బరువెక్కినట్టే. ఉదయగిరి వైపు ఎక్కుడులో మూడో గేరులో పోయే బండి రెండుకి దిగింది. అంత బరువు చక్రాన్ని ఆపాల్సింది మాత్రం అవే పాత బ్రేకులు. స్పీడోమీటర్ 80 చూపిస్తే నిజానికి 87లో పోతుంటాను. మైలేజీ కూడా పడిపోయింది. అందులో కొంత అబద్ధంలే, మీటరు 100 కిలోమీటర్లు చూపించేసరికి బండి 109 తిరిగి ఉంటుంది.

స్టీరింగ్ పూర్తిగా తిప్పితే లోపల టైరు రాసుకుని బర్రుమనేది. కావలిలో మా మెకానిక్ వంగి చూసి, "ఏందన్నా, ఎద్దుకి ఏనుగు కాళ్లు పెట్టావే" అన్నాడు. నవ్వేసి వచ్చేశాను.

నవంబరులో వాన పట్టుకుంది. మన జిల్లాకి అసలు వానలు అప్పుడే కదా. రాత్రి గుంటల నీళ్లకి గాలి పట్టే ఏరేటర్లు ఆగిపోయాయని కబురొస్తే పరిగెత్తాను. గట్టు మీద బంకమట్టి సబ్బులా ఉంది. కొత్త టైర్ల గాడులు మట్టితో నిండిపోయి నున్నటి రోలర్లయ్యాయి. వెడల్పు కదా, కిందికి దిగి గట్టి నేలను పట్టుకోకుండా పైనే తేలి పక్కకి జారింది బండి. ఎడ్లబండి చక్రం ఎత్తుగా, సన్నగా ఎందుకు చేసేవాళ్లో ఆ రాత్రి అర్థమైంది. దానికి తోడు ఏదో ఇనప చువ్వ గుచ్చుకుని వెనక టైరు పోయింది. స్టెప్నీ పాత సైజుది! అయిదోది కొనడానికి చెయ్యి రాలేదు మరి. ఒక పక్క పొట్టి, ఒక పక్క పొడుగు. అలాగే ఫోర్ వీల్ వేశాను. గట్టి నేల తగలగానే గేరుబాక్సు ఒకటే మూలుగు. ముందూ వెనకా ఒకే వేగంతో తిరగాల్సిన చోట నాలుగు కాళ్లూ ఒక కొలత కాకపోతే ఆ ఒత్తిడంతా పోయేది గేర్ల మీదకే. చివరికి పక్క గుంటల మామ ట్రాక్టరు తెచ్చి లాగాడు. ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ బాధ.

ఇసుకలో పెద్ద టైరు పనికొస్తుంది కదా అంటారు. కాదనను. కానీ మైపాడు వైపు సరుగుడు తోటల ఇసుక దారిలో పాత టైర్లతోనే ఎన్నిసార్లు పోలేదు! గాలి 32 నుంచి 18కి దించితే టైరు పొడుగ్గా పరుచుకుంటుంది, బండి పడవలా పోతుంది. ఖర్చు సున్నా. తారు రోడ్డెక్కే ముందు మళ్లీ పట్టించుకోవాలి, లేకపోతే పక్కగోడ వేడెక్కి పేలుద్ది. సిగరెట్ లైటర్‌కి పెట్టుకునే చిన్న కంప్రెసర్ చాలు. ఈ ముక్క ఏ షాపువాడూ చెప్పడు, అందులో వాడికేం మిగులుద్ది?

అందుకే మా వాడికి చెప్పాను: కంపెనీ సైజే ఉంచు, నమూనా మాత్రం తారుకీ మట్టికీ పనికొచ్చే ఆల్ టెర్రైన్ తీసుకో, స్టెప్నీతో కలిపి అయిదూ ఒకటే కొను. టైరు పక్కన తయారీ తేదీ నాలుగంకెలు చూడు. 3222 అని ఉంటే 2022లో 32వ వారం. పాత సరుకు అంటగడితే వెనక్కి ఇచ్చెయ్.

అంతా విని, "సరే అన్నా, మరి నీ పాత పెద్ద టైర్లు ఏం చేశావు?" అన్నాడు. గుంటల దగ్గర షెడ్డు వెనక ఉన్నాయి, కుక్క పడుకుంటోంది. రేపు చూడ్డానికి వస్తాడంట.