వైఫై డబ్బాలు మనవే, అకౌంట్ ఎవరి పేరు మీద?

మిర్యాలగూడలో మా బంధువుల రైస్ మిల్లు ఉంది. ఆఫీసు, కాంటా, గోదాములు అన్నీ కలిపి ఆరు యాక్సెస్ పాయింట్లు (వైఫై సిగ్నల్ ఇచ్చే డబ్బాలు), ఆరూ ఒకే కంట్రోలర్ కింద, అంటే అన్నిటినీ ఒకే చోటి నుంచి నడిపించే సాఫ్ట్‌వేర్ కింద. మూడేళ్లు ఏ టెన్షన్ లేదు. మొన్న మానేసిన గుమాస్తాకు తెలిసిన పాస్‌వర్డ్ మారుద్దామని చూస్తే లాగిన్ ఎవరి దగ్గరా లేదు. బిగించిన పిల్లగాడు తన సొంత మెయిల్‌తో అకౌంట్ తెరిచాడు, ఇప్పుడు దుబాయ్‌లో ఉన్నాడు, ఫోన్ కలవదు.

ఒకే చోటి నుంచి నడిపించే వైఫై దండగని నేననను. నాలుగు మామూలు రూటర్లు నాలుగు పేర్లతో పెడితే అవి ఒకదాని మీద ఒకటి అరుచుకుంటాయి, ఎందుకంటే వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి అడ్డు తగలని ఛానెళ్లు, అంటే సిగ్నల్ నడిచే దారులు, 1, 6, 11 మాత్రమే. పైగా ధాన్యం బస్తాల గుట్ట సిగ్నల్‌ను మింగేస్తుంది. కంట్రోలర్ ఉంటే ఛానెళ్లు అదే సర్దుతుంది, నల్లగొండలో కూర్చుని సూర్యాపేట బ్రాంచిలో ఏ డబ్బా ఆగిందో చూడొచ్చు.

కానీ కొనేటప్పుడు మనవాళ్లు అడిగేది స్పీడెంత, రేటెంత అనే. అకౌంట్ ఎవరిది, డబ్బాలు నడవడానికి కట్టే లైసెన్స్ అయిపోతే ఏమవుతుంది అని అడిగేవాళ్లు నాకైతే కనపడలేదు.

మెరాకీ అనే వైఫై కంపెనీనే చూడండి. అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో ఒక పరిశోధనగా మొదలై 2006లో కంపెనీ అయింది, 2012లో నెట్‌వర్క్ సామాన్లు చేసే సిస్కో 120 కోట్ల డాలర్లకు కొన్నది. సరుకు గట్టిదే, ఇంటర్నెట్ తెగినా లోపలి నెట్‌వర్క్ నడుస్తూనే ఉంటుంది. అయితే కో-టర్మ్ అనే పద్ధతిలో లైసెన్సులన్నిటికీ గడువు ఒకే రోజు తీరుతుంది, తర్వాత 30 రోజుల్లో కట్టకపోతే మీరు డబ్బు పెట్టి కొన్న డబ్బాలే పనిచేయడం మానేస్తాయి. పాత ఓనరు తన ఖాతాలోంచి తీసేస్తే తప్ప సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది మీ ఖాతాలో చేరదు, రీసెట్ కొట్టినా సరే. పోలేపల్లి సెజ్‌లోని ఫార్మా కంపెనీలకైతే రెన్యువల్ తేదీలు గుర్తుపెట్టుకోవడానికి మనుషులుంటారు. మిల్లుకు, ఫంక్షన్ హాలుకు ఎవరుంటారు?

అందుకే మన దగ్గర చిన్న వ్యాపారాలకు యూనిఫై, ఒమాడా లాంటి బ్రాండ్లే నయమని నా లెక్క. కంట్రోలర్ మన దగ్గరే పెట్టుకోవచ్చు, యాక్సెస్ పాయింట్లకు ఏటా లైసెన్స్ కట్టే పని లేదు. అయితే వీటిలోనూ పాత కంట్రోలర్ లాగిన్ పోతే చాలాసార్లు ఒక్కో డబ్బానూ రీసెట్ చేసి కొత్తగా కలుపుకోవాల్సి వస్తుంది.

మా వాళ్లు చేసిందీ అదే. నిచ్చెన వేసుకుని, తవుడు దుమ్ములో, పిన్నుతో ఒక్కొక్కటి నొక్కుతూ పోతే ఒక పూట పట్టింది. ఈసారి మిల్లు పేరు మీదే కొత్త మెయిల్ తీశారు. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి కరెంటు బిల్లుల ఫైల్లో పెట్టారు, సెక్యూరిటీ తెలిసినవాళ్లు ముక్కున వేలేసుకుంటారేమో గానీ ఆ ఫైలు మాత్రం ఆ మిల్లులో ఎన్నడూ పోలేదు.