విజయవాడ హైవే మీది ఫాస్ట్ చార్జర్ గారికి

మహారాజశ్రీ ఫాస్ట్ చార్జర్ గారి దివ్య సముఖమునకు,

ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమం, నా ఎలక్ట్రిక్ కారూ క్షేమం. మీ క్షేమం గురించి మీ యాప్‌ని అడిగి తెలుసుకునే ధైర్యం మాత్రం ఇక లేదు. ఎందుకంటే మొన్న ఆదివారం పొద్దున కూడా మీ పేరు పక్కన ఆకుపచ్చ చుక్క వెలుగుతూ ‘అవైలబుల్’ అనే ఉంది.

అబద్ధం అనను లెండి. అక్కడే ఉన్నారు. ఎక్కడికీ వెళ్ళలేదు. చార్జింగ్ ఇవ్వడం ఒక్కటి తప్పిస్తే అన్ని విధాలా అందుబాటులోనే ఉన్నారు.

మీ దగ్గరికి రోజూ ఎంతోమంది వస్తారు కాబట్టి నేనెవరో గుర్తుండకపోవచ్చు. ఎండలో నిలబడి, మీ స్క్రీన్ మీద రెండు చేతులూ దొప్పలా పెట్టి, ఆ దొప్పలో ముఖం దూర్చి, లోపల ఏం రాసుందో చదవడానికి తంటాలు పడ్డ మనిషిని. దూరం నుంచి చూసినవాళ్ళకి మీకేదో రహస్యం చెప్తున్నట్టు కనిపించి ఉంటుంది. ‘ఫాల్ట్’ అని ఉంది. తప్పు ఎవరిదో మాత్రం రాసి లేదు.

విజయవాడలో మా పిన్నివాళ్ళ గృహప్రవేశం అండీ. ముహూర్తం తెల్లవారుజామునే, దానికి అందరం ఎలాగూ అందుకోలేం, కనీసం భోజనాల టైముకి ఉందామని పొద్దున ఏడున్నరకి కూకట్‌పల్లి నుంచి మూడు బళ్ళు బయల్దేరాయి. మా పెదనాన్న డీజిల్ బండి, పెట్రోలూ బ్యాటరీ రెండూ ఉండే బావగారి కొత్త హైబ్రిడ్, నా ఎలక్ట్రిక్. ముందురోజు రాత్రి మా సెల్లార్‌లో కరెంటు పోయి నా బండి 76 శాతం దగ్గర ఆగిపోయింది (పార్కింగ్‌లో చార్జింగ్ పాయింట్ పెట్టించుకోవడానికి అసోసియేషన్‌తో నేను చేసిన యుద్ధానికి వేరే లేఖ కావాలి, వదిలేయండి). అయినా ఏం పర్లేదు, దార్లో మీరున్నారుగా అనుకున్నాను. అదీ నా ధీమా.

సూర్యాపేట దాటేసరికి 14 శాతం. ఆ బండికి కాగితం మీద రేంజ్, అంటే ఒక్క చార్జికి నడిచే దూరం, నాలుగు వందల యాభై కిలోమీటర్ల పైమాటే. ఆ అంకె తేల్చే పరీక్షలో బండి గదిలో రోలర్ల మీద నడుస్తుంది, వేగం 90 దాటదు. మన హైవే మీద 90కి పోతే వెనక నుంచి ఇసుక లారీ హారన్ కొడుతుంది. ఏసీ వేసుకుని నూటికి అటూ ఇటూగా పోతే ఆ నాలుగు వందల యాభై కాస్తా రెండు వందల అరవై అవుతుంది. దాని గురించి నేను గొడవ పెట్టుకోను. మైలేజీ విషయంలో కాగితం నిజం చెప్పిందని పెట్రోలు బండివాళ్ళు మాత్రం ఎప్పుడన్నారు కనక.

పదింపావుకి మీ ముంగిట్లో దిగాను. మీకున్న రెండు గన్లలో (అదే, కారుకి తగిలించే ప్లగ్గుల్లో) ఒకదాని దగ్గర ‘ప్రెస్’ అని స్టిక్కరున్న తెల్ల డీజిల్ బండి నీడ చూసుకుని పడుకుని ఉంది. సరే, రెండోది నాకు చాలు. గన్ పెట్టాను. యాప్ తెరిచాను. వాలెట్‌లో డబ్బు చాలదంది. వేశాను. ఇలాంటి వాలెట్లు నా ఫోన్లో ఏడున్నాయండీ, ఒక్కో కంపెనీకి ఒక్కో యాప్, ఒక్కోదాంట్లో ముష్టికి నూటయాభయ్యో రెండు వందలో మిగిలిపోయి ఉంటాయి, అన్నీ కలిపితే ఈ పాటికి చీటీ పాడుకోవచ్చు. స్టార్ట్ నొక్కాను. చక్రం తిరిగింది, తిరిగింది, ఫెయిల్డ్ అంది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ ఫెయిల్డ్.

కస్టమర్ కేర్ వారు హిందీలో చాలా మర్యాదగా మాట్లాడారు. చార్జర్ ఐడీ చెప్పమన్నారు. మీ నడుము మీద అంటించిన స్టిక్కర్ ఎండకి వెలిసిపోయి, చివరి అంకెలు 38 అయినా కావచ్చు, 88 అయినా కావచ్చు. నేను 88 అన్నాను. ‘ఇక్కడి నుంచే రీస్టార్ట్ చేస్తున్నాం సర్, పది నిమిషాలు ఆగండి’ అన్నారు. ఆగాను. మీలో ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఏ ఊళ్ళోనో ఉన్న 88 గారు ఆరిపోయి, అక్కడ సగం చార్జింగ్‌లో ఉన్నవాడెవడో నాకు శాపనార్థాలు పెట్టి ఉంటాడు. రెండోసారి 38 అన్నాను. మళ్ళీ పది నిమిషాలు. మూడోసారి టికెట్ నంబర్ ఇచ్చారు, 48 గంటల్లో పరిష్కరిస్తామని.

నలభై ఎనిమిది గంటలు! గృహప్రవేశానికి వెళ్తున్నానయ్యా, మీ స్థలంలో ఇల్లు కట్టుకోవడానికి రాలేదు.

పోనీ ముందుకి పోదామా అంటే, తర్వాతి చార్జర్ కోదాడలో. డాష్‌బోర్డు 37 కిలోమీటర్లు వస్తాయంటోంది, దూరం 35. అదీ అవైలబుల్ అనే చూపిస్తోంది. మీరూ అలాగే చూపించారు కదా. ఏసీ ఆపేసి, అద్దాలు దించి, ఆ ఎండలో యాభై మీద పోతే చేరతానేమో. చేరాక అక్కడా ఇంకొకాయన ‘ఫాల్ట్’ అంటే ఏం చేయాలి? పెట్రోలు అయిపోతే సీసా పట్టుకుని బైకెక్కి పోవచ్చు. కరెంటుని ఏ సీసాలో పట్టుకురావాలి?

ఈలోగా ఫ్యామిలీ గ్రూపులో ఫొటోలు మొదలయ్యాయి. పెదనాన్న బండికి పదకొండేళ్ళు, స్టార్ట్ చేస్తే సెల్లార్ మొత్తం పిండిమర లాగా అదురుతుంది, ఆయన పన్నెండుంపావుకే పంక్తిలో కూర్చున్నాడు. బావగారైతే విస్తరి ఫొటో తీసి మరీ పెట్టాడు. ‘ఎక్కడిదాకా వచ్చావ్ బావా, ఫ్యూచర్ అందిందా?’ అని కింద ఒక ముక్క.

బావగారి హైబ్రిడ్ గురించి ఒక్క మాట అనకపోతే నాకు నిద్ర పట్టదు. అది తనంతట తనే చార్జ్ చేసుకుంటుందట, ఏదో పుష్పక విమానం కొన్నట్టు చెప్తాడు. చుక్క చుక్కా పెట్రోలు నుంచే కదయ్యా వచ్చేది! బ్రేకు వేసినప్పుడు వృథాగా పోయేది కాస్త వెనక్కి పట్టుకుంటుంది, అంతే. అమీర్‌పేట ట్రాఫిక్‌లో అది నిజంగానే ఘనకార్యం, కాదనను. బ్రేకే వేయని హైవే మీద అది దాదాపుగా పెట్రోలు బండే. పైగా దానికి జీఎస్టీ 40 శాతం, నాదానికి 5. తెలంగాణలో నాకు రోడ్డు ట్యాక్స్ కూడా లేదు, 2026 డిసెంబరు దాకా మాఫీ. సర్కారు నాకు అన్నీ మినహాయించింది. భోజనానికి హాజరు కూడా అందులోనే కలిపి మినహాయించిందని మొన్న తెలిసింది.

లెక్కలు కూడా వేశాను, చేయడానికి వేరే పనేముంది కనక. ఇంట్లో చార్జ్ చేస్తే కిలోమీటరుకి రూపాయిన్నర. పెట్రోలు బండికి ఏడు దాకా అవుతుంది, అదీ ఐదో వంతు ఇథనాల్ కలిపిన పెట్రోలుతో. బావగారిది ఐదు లోపు. తమరి దగ్గర, యూనిట్‌కి ఇరవై నాలుగు చొప్పున, నాకు నాలుగు దాటింది. అంటే ఇంటి గడప దాటి మీ గడప తొక్కగానే నాకూ బావగారికీ తేడా కిలోమీటరుకి ముప్పావలా. ఆ ముప్పావలా కోసం నేను ఎండలో, ఆయన విస్తరి ముందు.

అయినా డబ్బు కాదు నా బాధ. ఫాస్టో స్లోనో అది కూడా కాదు, గంట పడుతుందంటే గంట కూర్చుంటాను, టీ తాగుతాను. నా బాధ ఏంటంటే, నీ దగ్గర మనిషి లేడు.

పెట్రోలు బంకులో మనిషి ఉంటాడు. అర్ధరాత్రి రెండింటికి పోయినా కుర్చీలోంచి లేచి, కళ్ళు నులుముకుంటూ వచ్చి, ‘ఎంత సార్?’ అంటాడు. ‘జీరో చూడండి సార్’ అంటాడు. పదిహేనేళ్ళు నేను ఆ జీరో చూశాను, వీడు ఎక్కడ మోసం చేస్తాడో అని మెడ బయటికి పెట్టి మరీ చూశాను. మొన్న నీ ముందు నిలబడ్డప్పుడు, మోసం చేయడానికైనా సరే ఒక మనిషి ఉంటే బాగుండనిపించింది. లక్షలు పోసి నిన్ను తెచ్చారు, నీ ఒంటినిండా పచ్చటి ఆకులు గీయించారు, ‘రేపటి ప్రయాణం’ అని ఇంగ్లీషులో రాయించారు, నీ నెత్తిన ఒక రేకు మాత్రం వేయించలేదు, నీ పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడికి నెలకి పన్నెండు వేలు ఇవ్వడానికి చేతులు రాలేదు. తల్లీదండ్రీ లేనివాడిలా హైవే పక్కన నిన్ను వదిలేసి పోయారు. నిన్నేమని తిట్టను?

పన్నెండూ యాభైకి, ఇక టోయింగ్‌కే ఫోన్ చేద్దామనుకుంటుంటే, రోడ్డు వార బొండాలు కొట్టే అక్క కత్తి చేత్తోనే పట్టుకుని వచ్చింది.

“గా ఎర్ర గుండీ సూశినవా సారూ? నిన్న బస్సు ఆగినప్పుడు పోరగాళ్ళు ఒత్తిపోయిర్రు. కుడి దిక్కు తిప్పు, పైకొస్తది.”

నీ పక్కటెముక దగ్గర, పుట్టగొడుగులా ఉండే ఎమర్జెన్సీ బటన్. లోపలికి నొక్కుకుపోయి ఉంది. తిప్పాను. టప్పున బయటికొచ్చింది.

“ముందే చెప్పొచ్చు కదక్కా.”

“ఫోన్ల మాట్లాడుతున్నవు కద, కంపినోళ్ళు చెప్తరేమో అనుకున్న.”

రెండున్నర గంటలు. మూడు కాల్స్. ఒక టికెట్ నంబర్.

నువ్వు లేచావు. ఒకసారి నల్లబడి, మళ్ళీ వెలిగి, గన్ నా కారు పట్టుకుని టక్కున బిగుసుకుంది. లోపల ఫ్యాన్లు విమానం లేచినట్టు అరిచాయి. 14, 15, 16... నిజం చెప్పాలంటే ఆ అంకెలు పెరుగుతుంటే నీ మీద కోపం నిలవలేదు. బొండాం తాగుతూ నీ నీడలోనే నిలబడ్డాను, అది ఒక జానెడు ఉంది. మధ్యలో ప్రెస్ ఆయన నిద్ర లేచి వెళ్ళిపోయాడు, ఆ చోటుకి ఒక కొత్త జంట కొత్త బండిలో వచ్చింది. వాళ్ళు గన్ పెట్టగానే నీ 60 కిలోవాట్లు సగానికి విరిగి నాకు 30 అయింది. వాళ్ళు యాప్ తెరిచి బిక్కమొహం వేస్తే, ఎందుకో నేనే వెళ్ళి వాలెట్ ఎలా నింపాలో చూపించాను. ‘మీరు ఇక్కడ పనిచేస్తారా అండీ?’ అని అడిగాడు ఆ అబ్బాయి.

నాలుగింటికి విజయవాడ చేరాను. పులిహోర మిగిలింది. బావగారు గుమ్మంలోనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, నన్ను చూడగానే వాచీ చూసుకున్నాడు.

వచ్చే ఆదివారం తిరుగు ప్రయాణం. నీ దగ్గరే ఆగుతాను, ఇంకెక్కడికి పోతాను.

ఇట్లు,
నీ వాలెట్‌లో 163 రూపాయలు మిగిల్చిన వాడు

తా.క.: బొండాల అక్క వచ్చే ఆదివారం ఉండదట, కూతురి దగ్గరికి మిర్యాలగూడ పోతోందట. నువ్వు మాత్రం అవైలబుల్.